అనంత పీఠభూమిలో శ్వాసచికిత్సా విద్య: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
శ్వాసచికిత్సకుల శిక్షణ డిగ్రీ చదువుగా తెలుగు నేలకు రావడం ఇటీవలి పరిణామం. అయితే ఊపిరితిత్తుల రోగులకు వైద్యులు కానివారు శిక్షణ పొంది సేవ చేయడం రాయలసీమకు కొత్త కాదు. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం శానటోరియం, 1960ల తొలి సంవత్సరాల్లో అనంతపురం జిల్లాలో రూపుదిద్దుకొన్న క్షయ నివారణ కార్యక్రమం, నేటి వెంటిలేటర్ వార్డు అనే మూడు దశల్లో ఆ శిక్షణ ఎట్లా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. డిగ్రీ వచ్చిన తరువాత కూడా ఈ వృత్తికి పేరు, పదవి, భాష కుదురుకోకపోవడానికి కారణాలు ఆ చరిత్రలోనే ఉన్నాయన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలక పదాలు: శ్వాసచికిత్స, అనుబంధ ఆరోగ్య విద్య, అనంతపురం, ఆరోగ్యవరం, క్షయ, వెంటిలేటర్, పారిభాషిక పదాలు.

1. ప్రవేశిక

తెలుగు పల్లెల్లో ‘ఎగశ్వాస పెట్టింది’ అన్న మాట వినగానే ఇంటిల్లిపాదికీ ఒకటే అర్థమవుతుంది. దూరాన ఉన్న బిడ్డలకు కబురు పోతుంది. నోట్లో తులసి తీర్థం పోయడానికి ఎవరో ఒకరు లేస్తారు. ఆయుర్వేద గ్రంథాలు శ్వాసరోగాన్ని మహాశ్వాస, ఊర్ధ్వశ్వాస, ఛిన్నశ్వాస, తమకశ్వాస, క్షుద్రశ్వాస అని ఐదు విధాలుగా విభజించి, మొదటి మూడింటిని అసాధ్యాలుగా భావించాయి. లోకవ్యవహారంలోని ఎగశ్వాసకు ఆ ఊర్ధ్వశ్వాసతో ఉన్న బంధుత్వం స్పష్టమే. అంటే ఈ మాట ఒక లక్షణాన్ని చెప్పడంతో ఆగదు, తీర్పు కూడా చెప్పేస్తుంది.

ఆ తీర్పును అంగీకరించకపోవడంతోనే శ్వాసచికిత్స మొదలవుతుంది. ఎగశ్వాసలో ఉన్న మనిషికి ఎంత గాలి అందుతోంది, నెత్తురులో బొగ్గుపులుసు వాయువు ఎంత పేరుకుంది, శ్వాసకండరాలు ఇంకెంతసేపు పనిచేయగలవు అని కొలవడం, ఆ కొలతను బట్టి వైద్యుడి ఆదేశం మేరకు ఆక్సిజన్‌నో యంత్రశ్వాసనో అమర్చడం, కోలుకొన్నాక యంత్రం నుంచి మెల్లగా తప్పించడం ఈ వృత్తిలో ఉన్నవారి పని. దీనికోసం ఇంటర్మీడియెట్‌లో జీవశాస్త్రం చదివిన విద్యార్థులు నాలుగేళ్ల బీఎస్సీలో చేరుతున్నారు. వారిలో కరవుసీమ పల్లెల నుంచి వచ్చినవారూ ఉన్నారు. ఆ చదువు ఇక్కడికి ఏ దారిన వచ్చిందన్నది పరిశీలించదగిన విషయం.

2. ఆరోగ్యవరం: గాలే మందుగా ఉన్న కాలం

రాయలసీమలో ఊపిరితిత్తుల వైద్యానికి తొలి ఆధునిక సంస్థ నాటి చిత్తూరు జిల్లాలో, అనంతపురం జిల్లా పొలిమేరకు ఎంతో దూరంలో లేని మదనపల్లె దగ్గర ఏర్పడింది. దక్షిణ భారతంలోని పలు క్రైస్తవ మిషనరీ సంఘాలు ఉమ్మడిగా నెలకొల్పిన యూనియన్ మిషన్ క్షయ శానటోరియం 1915లో అక్కడ ప్రారంభమైంది. డెన్మార్క్ దేశీయుడైన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దాన్ని నడిపించాడు. ఆ చోటికి ‘ఆరోగ్యవరం’ అన్న పేరు స్థిరపడింది. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు, పొడిగాలి, తక్కువ వాన క్షయరోగికి మంచివని ఆనాటి వైద్యుల నమ్మకం. పంటకు శాపమైన వాతావరణాన్ని రోగికి వరంగా లెక్కించారన్నమాట. పీఠభూమి చరిత్రలో ఇటువంటి విరుద్ధాలు అరుదు కావు.

స్ట్రెప్టోమైసిన్ రాక ముందు శానటోరియం చికిత్స అంటే విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, ఆరుబయటి గాలి, కొందరికి ఊపిరితిత్తిని తాత్కాలికంగా ముడిచి ఉంచే కృత్రిమ వాయువక్ష విధానం. ఈ పద్ధతిలో రోగితో ఎక్కువ కాలం గడిపేది వైద్యుడు కాదు. ఉష్ణోగ్రత పట్టికను నింపేవారు, కళ్లెను భద్రంగా పారవేయడం నేర్పేవారు, రోగి ఎన్ని అడుగులు నడవవచ్చో గమనించేవారు నర్సులు, సహాయకులు. వారి నేర్పు పని చేస్తూ చేస్తూ అబ్బినది; ఆ విద్యకు వేరే పట్టా లేదు. 1948లో దేశంలో బీసీజీ టీకా మొదలైనప్పుడు తొలి కేంద్రాల్లో మదనపల్లె ఒకటి కావడం ఆ సంస్థ సంపాదించుకొన్న పరిశోధనా ప్రతిష్ఠకు నిదర్శనం.

శానటోరియాల అవసరాన్ని ప్రశ్నించిన అధ్యయనం కూడా దక్షిణాది నుంచే వెలువడింది. మద్రాసులోని క్షయ రసాయన చికిత్సా కేంద్రం 1959లో ప్రకటించిన ఫలితాలు, మందులు సక్రమంగా వాడితే ఇంట్లో ఉన్న రోగీ శానటోరియంలో ఉన్న రోగీ ఒకే విధంగా కోలుకొంటారని నిరూపించాయి. దానితో ఊపిరితిత్తుల వైద్యం కొండగాలిని వదిలి ఊళ్లోకి దిగవలసి వచ్చింది.

3. అనంతపురం నమూనా

ఆ దిగివచ్చిన ఊళ్లు అనంతపురం జిల్లావి కావడం ఈ చరిత్రలో ముఖ్య ఘట్టం. బెంగళూరులో 1959లో ఏర్పడిన జాతీయ క్షయ సంస్థ, జిల్లాను ఒక యూనిట్‌గా తీసుకొని క్షయను అదుపు చేసే పద్ధతిని రూపొందించింది. దాన్ని మొదట పరీక్షించడానికి ఎంచుకొన్నది అనంతపురం జిల్లానే. ఆ అనుభవం ఆధారంగా 1962లో జాతీయ క్షయ కార్యక్రమం మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున బెంగళూరులో పనిచేసినవారిలో, తరువాత ఆ సంస్థకే డైరెక్టర్ జనరల్ అయిన హాఫ్‌డాన్ మాలర్ ఒకడు. ఆయన కూడా డెన్మార్క్ వాడే. ఈ కథలో డెన్మార్క్ పేరు మరొకసారి రాబోతోంది.

ఆ పద్ధతికి పునాది వేసిన ఒక పరిశీలనను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అనంతపురానికి పొరుగునే ఉన్న తుమకూరు జిల్లాలో డి. బెనర్జీ, ఆండర్సన్ చేసి 1963లో ప్రచురించిన సామాజిక అధ్యయనం ప్రకారం, క్షయ ఉన్న గ్రామీణుల్లో అత్యధికులకు తమ రోగలక్షణాలు తెలుసు. సగానికి పైగా వైద్యసాయం కోరి వెళ్లారు కూడా. అలా వెళ్లినవారిని పసిగట్టలేక దగ్గుమందు సీసా ఇచ్చి పంపివేసింది వైద్య వ్యవస్థే. ‘పల్లెవాళ్లకు రోగం తెలియదు’ అన్న పట్టణ అభిప్రాయానికి ఇది గట్టి సమాధానం. లోపం తెలివిలో లేదు, ఆసుపత్రిలో కళ్లెను పరీక్షించే మనిషి లేకపోవడంలో ఉందని తేలింది.

కాబట్టి కార్యక్రమం ఆ మనుషులను తయారుచేయడంతో మొదలైంది. జిల్లా క్షయ అధికారితో పాటు చికిత్సా నిర్వాహకుడు, లాబొరేటరీ టెక్నీషియన్, ఎక్స్‌రే టెక్నీషియన్, బీసీజీ బృంద నాయకుడు, గణాంక సహాయకుడు ఒక జట్టుగా బెంగళూరులో శిక్షణ పొంది జిల్లాకు తిరిగివచ్చేవారు. ఇది వారాల శిక్షణ. కళాశాల చదువు కాదు. కానీ శిక్షణ పొందే ముందే వారికి పదవి సిద్ధంగా ఉండేది. ఎవరు ఏం చేయాలో, ఎవరికి జవాబు చెప్పాలో రాతపూర్వకంగా నిర్ణయమై ఉండేది. నేటి డిగ్రీ చదువుతో పోల్చినప్పుడు ఈ తేడాయే కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది: అప్పుడు చదువు చిన్నది, పదవి ఖాయం, ఇప్పుడు చదువు పెద్దది, పదవి అనిశ్చితం.

4. చేతిసంచి నుంచి కళాశాలకు

శ్వాసచికిత్స ప్రత్యేక వృత్తిగా పుట్టింది మాత్రం పడమటి దేశాల్లో. 1928లో హార్వర్డ్‌లో ఫిలిప్ డ్రింకర్, లూయీ అగాసీ షా తయారుచేసిన ‘ఇనుప ఊపిరితిత్తి’ పోలియో రోగులను మెడ వరకు పెట్టెలో ఉంచి శ్వాస ఆడించేది. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించినప్పుడు అటువంటి పెట్టెలు చాలలేదు. మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ గొంతుకు రంధ్రం చేసి గొట్టం అమర్చి, రబ్బరు సంచితో గాలిని నేరుగా ఊపిరితిత్తుల్లోకి నెట్టే పద్ధతిని ప్రతిపాదించాడు. సంచిని నొక్కడానికి యంత్రం లేదు. సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు చేతులతో నొక్కారు. అంతకుముందు నూటికి ఎనభైకి పైగా ఉన్న మరణాలు నెలల వ్యవధిలో సగానికన్నా తక్కువకు దిగాయి. ఇంటెన్సివ్ కేర్ యూనిట్ అన్న భావన ఆ వార్డులోనే పుట్టిందని వైద్య చరిత్రకారులు అంగీకరిస్తారు. అక్కడ పనిచేసింది విద్యార్థులన్న విషయాన్ని మాత్రం అంతగా పట్టించుకోరు.

అమెరికాలో ఆక్సిజన్ సిలిండర్లు మోసే ఉద్యోగులు 1940ల చివరలో షికాగోలో సంఘంగా ఏర్పడ్డారు. ఇన్‌హలేషన్ థెరపీ అన్న పేరుతో మొదలైన ఆ పనికి 1960 నాటికి రిజిస్ట్రీ పరీక్ష వచ్చింది. 1969లో డొనాల్డ్ ఈగన్ రాసిన పాఠ్యగ్రంథం పేరు కూడా మొదట ఇన్‌హలేషన్ థెరపీయే. తరువాతి ముద్రణల్లో అది రెస్పిరేటరీ థెరపీగా, ఆపైన రెస్పిరేటరీ కేర్‌గా మారింది. మందును పీల్పించేవాడు, శ్వాసకు చికిత్స చేసేవాడు, శ్వాసను సంరక్షించేవాడు అని ఒకే పుస్తకం అట్టమీద ఒక వృత్తి మూడు మెట్లు ఎక్కింది. ఈగన్ పుస్తకమే నేటికీ మన కళాశాలల్లో ప్రామాణిక పఠనం.

5. ఈ నేలకు వెంటిలేటర్ ఎందుకు

అనంతపురం సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఈ అంకె వ్యవసాయ వ్యాసాల్లో తరచు కనిపిస్తుంది. ఊపిరితో దానికున్న సంబంధం మాత్రం చర్చకు రాదు. తాడిపత్రి నాపరాయి పాలిషింగ్ కేంద్రాల దుమ్ము, వేరుశనగ మిల్లుల పొట్టు, కందికట్టెతో, చెనక్కాయ పొట్టుతో వంటచేసిన ఆడవాళ్లు ఏళ్ల తరబడి పీల్చిన పొగ ఈ నేల ఊపిరి చరిత్రలో భాగాలు. రామగిరి బంగారు గనుల్లోను, పొరుగున తెలుగు కూలీలు పెద్దసంఖ్యలో పనిచేసిన కోలారు గనుల్లోను రాతిధూళి మరొక అధ్యాయం. కోలారులో 1940లలో జరిగిన పరిశీలనలో పరీక్షించినవారిలో నూటికి నలభై మందికి పైగా సిలికోసిస్ బయటపడింది. ఆ ఊపిరితిత్తులు తిరిగి బాగుపడేవి కావు.

కానీ వెంటిలేటర్‌ను ఈ ప్రాంత ఆసుపత్రులకు అత్యవసరం చేసినవాటిలో మరి రెండు కారణాలు ప్రధానమైనవి. అవి పొలంతో నేరుగా ముడిపడినవి. ఒకటి కట్లపాము కాటు. రాత్రివేళ నేలమీద పడుకొన్నవారిని కాటువేస్తుంది; నొప్పి, వాపు దాదాపు ఉండవు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు, తరువాత శ్వాసకండరాలు చచ్చుబడతాయి. విషనిరోధక సీరం ఇచ్చినప్పటికీ కండరాలు కోలుకొనేదాకా యంత్రం ఊపిరాడించవలసి రావచ్చు. ఆ కొద్ది రోజులు యంత్రశ్వాస సక్రమంగా సాగితే మనిషి ఏ లోపమూ లేకుండా ఇంటికి నడిచి వెళ్లగలడు. వైద్యంలో ఇంత స్పష్టమైన ఫలితం అరుదు.

రెండోది పురుగుమందు. కరవు, అప్పు, ఆత్మహత్య అనే వరుసను గురించి తెలుగు కథ, కవిత్వం ఎంతో చెప్పాయి. ఆసుపత్రికి చేరిన తరువాతి కథ మాత్రం సాహిత్యంలో తక్కువ. ఆర్గనోఫాస్ఫేట్ విషం నరాలకు, కండరాలకు మధ్య సంకేతాలను అస్తవ్యస్తం చేస్తుంది. తొలి విపత్తు నుంచి బయటపడి, మాట్లాడుతూ, బంధువులకు ధైర్యం కలిగించిన రోగి ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మళ్లీ కుప్పకూలవచ్చు. ఈ స్థితిని 1987లో శ్రీలంక వైద్యులు సేనానాయకే, కరల్లియెద్దె ‘మధ్యంతర లక్షణ సముదాయం’గా నిరూపించారు. దాని తొలి గుర్తు చాలా చిన్నది: రోగి తలగడ మీది నుంచి తల ఎత్తలేకపోవడం. మంచం పక్కన ఉన్న మనిషి ఆ గుర్తును గమనిస్తే సకాలంలో గొట్టం వేస్తారు. గమనించకపోతే, బతికాడనుకొన్న రైతు రెండోసారి చనిపోతాడు. పూటకొకసారి వచ్చే వైద్యుడికి, పది మంచాలు చూసే నర్సుకు ఆ గుర్తు అందకపోవడంలో ఆశ్చర్యం లేదు. శ్వాసచికిత్సకుడి అవసరాన్ని వాదించడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

యంత్రం ఉంటే చాలునన్న భావన తప్పని 2000లో ప్రచురితమైన ఒక అమెరికన్ పరిశోధన చూపింది. తీవ్ర శ్వాసవైఫల్యం ఉన్న 861 మందిలో ఒక వర్గానికి ఒక్కో శ్వాసకు కిలో బరువుకు 12 మిల్లీలీటర్లు, మరొక వర్గానికి 6 మిల్లీలీటర్ల చొప్పున గాలి ఇచ్చారు. ఎక్కువ గాలి అందుకొన్నవారిలో 39.8 శాతం, తక్కువ గాలి అందుకొన్నవారిలో 31 శాతం మరణించారు. యంత్రం ఒకటే, తిప్పిన మీట వేరు. పైగా ఇక్కడి బరువు తూకంలో చూసేది కాదు, ఎత్తును బట్టి లెక్కగట్టేది. ఆక్సిజన్ విషయమూ అంతే. ఏళ్ల పొగతో ఊపిరితిత్తులు దెబ్బతిన్న ముసలమ్మకు నెత్తురులో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం మధ్య నిలిపితే మేలు. నూటికి నూరు చేరాలని కుళాయి పూర్తిగా విప్పితే బొగ్గుపులుసు వాయువు పేరుకొని మత్తులోకి జారవచ్చు. ‘ఆక్సిజన్ పెట్టినారు’ అని ఊళ్లో చెప్పుకొనే రెండు మాటల వెనుక ఇంత గణితం ఉంది.

6. డిగ్రీ రూపం

జిల్లాలో ఉన్నత వైద్యానికి ఆధారం చాలాకాలం కర్నూలు, బెంగళూరు ఆసుపత్రులే. 1991లో పుట్టపర్తిలో శ్రీ సత్యసాయి ఉన్నత వైద్యశాస్త్రాల సంస్థ ప్రారంభమైంది. 2000లో అనంతపురం ప్రభుత్వ వైద్య కళాశాల, అదే కాలంలో బత్తలపల్లిలో గ్రామీణాభివృద్ధి ట్రస్టు ఆసుపత్రి వచ్చాయి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఖరీదైన చికిత్స పేదవాడికి అందుబాటులోకి వచ్చేకొద్దీ, దాన్ని మంచం పక్కన నడిపే మనుషుల కొరత కూడా బయటపడింది.

ఆంధ్రప్రదేశ్‌లో వైద్యవిద్యకు 1986లో ఏర్పడిన ఆరోగ్య శాస్త్రాల విశ్వవిద్యాలయం, నేటి డాక్టర్ ఎన్టీఆర్ విశ్వవిద్యాలయం, అనుబంధ ఆరోగ్య కోర్సుల్లో భాగంగా బీఎస్సీ రెస్పిరేటరీ థెరపీ టెక్నాలజీని నిర్వహిస్తోంది. మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. మొదట శరీర నిర్మాణం, శరీరధర్మం, జీవరసాయనం, సూక్ష్మజీవశాస్త్రం; తరువాత వాయువుల భౌతికశాస్త్రం, ధమని రక్తంలోని వాయువుల విశ్లేషణ, స్పైరోమెట్రీ, నెబులైజేషన్, కృత్రిమ వాయుమార్గం, వెంటిలేటర్ రీతులు, నవజాత శిశువుల శ్వాససంరక్షణ. సరిహద్దుకు అవతల, 1996లో ఏర్పడిన రాజీవ్ గాంధీ ఆరోగ్య శాస్త్రాల విశ్వవిద్యాలయం కింద ఇదే చదువు రెస్పిరేటరీ కేర్ టెక్నాలజీ పేరుతో నడుస్తోంది. హిందూపురం, మడకశిర వైపు విద్యార్థులకు విజయవాడ కన్నా బెంగళూరు ఎంతో దగ్గర.

ఈ చదువును ఎంచుకొనే విద్యార్థుల్లో ఎంబీబీఎస్ సీటు తప్పిపోయినవారు ఉంటారన్నది అందరికీ తెలిసిందే. దాన్ని చిన్నచూపుతో ప్రస్తావించడం కళాశాల వర్గాల్లో అలవాటైపోయింది. మరి కోపెన్‌హాగెన్‌లో సంచిని నొక్కినవారు కూడా ఇంకా వైద్యులు కానివారే.

7. మూడు కాగితాలు, మూడు పేర్లు

ఈ వృత్తికి చట్టబద్ధమైన స్థానం కోసం జరిగిన ప్రయత్నం నెమ్మదైనది. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ కోసం రూపొంది 2012లో వెలువడిన నివేదిక, ‘పారామెడికల్’ అన్న మాటకు బదులు ‘అనుబంధ ఆరోగ్యం’ అన్న మాటను శీర్షికలోనే ముందుకు తెచ్చింది. పక్కన ఉండేవాడు అన్న ధ్వనిని వదిలి, కలిసి పనిచేసేవాడు అన్న ధ్వనిని తీసుకోవడం ఇందులోని మార్పు. 2021 మార్చిలో పార్లమెంటు జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. దాని షెడ్యూలులో రెస్పిరేటరీ టెక్నాలజిస్ట్ పేరు చేరింది. రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2,000 గంటల చదువు ఉంటే అనుబంధ ఆరోగ్య వృత్తి నిపుణుడనీ, మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3,600 గంటల డిగ్రీ ఉంటే ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణుడనీ ఆ చట్టం నిర్వచించింది. రాష్ట్రాలు తమ కౌన్సిళ్లు ఏర్పాటు చేయాలి, రిజిస్టర్లు తెరవాలి. అమలు ఎంత జాప్యమైందంటే, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కలుగజేసుకొని రెండు నెలల్లో, అక్టోబర్ 12 లోగా, చట్టాన్ని అమలులోకి తేవాలని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించవలసి వచ్చింది.

పేరు విషయంలో ఒక చిక్కు మిగిలింది. విజయవాడ పట్టాలో థెరపీ టెక్నాలజీ, బెంగళూరు పట్టాలో కేర్ టెక్నాలజీ, చట్టంలో టెక్నాలజిస్ట్. ఒకే విద్య చదివిన ఇద్దరు పక్కపక్క గ్రామాల విద్యార్థులు రెండు వేర్వేరు పేర్లతో ఉద్యోగ దరఖాస్తు చేస్తారు. ఇది కేవలం పదవాదం కాదు. టెక్నాలజిస్ట్ యంత్రాన్ని చూసుకొనేవాడు. థెరపిస్ట్ రోగిని చూసుకొనేవాడు. తలగడ మీది నుంచి తల లేవని రైతును గమనించవలసింది వీరిలో ఎవరు? గల్ఫ్ దేశాల ఆసుపత్రుల్లో ఈ పట్టాకు ఉద్యోగావకాశం ఉంది. అమెరికాలో మాత్రం అక్కడి గుర్తింపు పొందిన కళాశాలలో చదివితేనే వృత్తి పరీక్షకు అర్హత. కాబట్టి విదేశం ఆశచూపే ప్రకటనలను విద్యార్థులు జాగ్రత్తగా చదవాలి. స్వదేశంలో పలు ఆసుపత్రుల్లో వెంటిలేటర్ పని మత్తువైద్య విభాగానికి, నర్సులకు మధ్య పంచుకొన్నదే. కొత్తగా వచ్చినవాడు ఎవరి పనిని తీసుకొంటున్నాడన్న అనుమానం వార్డులో ఉంటుంది. 1960ల క్షయ జట్టుకు ఈ ఇబ్బంది రాలేదు, వారి పనులను ముందే విభజించి ఉంచారు గనుక.

8. 2021 వేసవి

కోవిడ్ రెండో ఉప్పెన ఈ చర్చను పత్రికల మొదటి పేజీకి తెచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందే, 2017లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆక్సిజన్‌ను మత్తుకు తోడుగానే కాక, నెత్తురులో ఆక్సిజన్ తగ్గినప్పటి చికిత్సకు అత్యవసర ఔషధంగా తన జాబితాలో చేర్చింది. ఔషధమంటే మోతాదు, కొలత, కాపలా ఉండాలి. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో, ట్యాంకర్ రావడం ఆలస్యమై ఆక్సిజన్ పీడనం కొన్ని నిమిషాలపాటు పడిపోయినప్పుడు 11 మంది రోగులు మరణించారని అధికారికంగా ప్రకటించారు. రాయలసీమకంతటికీ ఆ వార్త ఇంటి వార్తే అయింది. ఆ ఏడాది అక్టోబర్ నాటికి పీఎం కేర్స్ నిధితో మంజూరైన 1,224 ఆక్సిజన్ ఉత్పత్తి ప్లాంట్లలో 1,100కు పైగా దేశంలో పనిచేయడం మొదలుపెట్టాయి. ఉత్పత్తి యంత్రం ఆసుపత్రి ఆవరణలో ఉంటుంది. రోగి వార్డులో ఉంటాడు. ఆ రెండింటి మధ్య గొట్టంలోని పీడనాన్ని, ముక్కు దగ్గరి ప్రవాహాన్ని చూసే మనిషి సంగతి బడ్జెట్ ప్రకటనల్లో అంతగా కనబడలేదు.

9. వాయుగోణులు, ఆల్వియోలై

చివరగా భాష. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి శ్వాసవ్యవస్థ కొత్తది కాదు. వాయునాళం, శ్వాసనాళికలు, వాయుగోణులు, ఉరఃపంజరం, ఉదరవితానం అతనికి పాఠ్యపుస్తకంలో పరిచయమైనవే. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్మీడియెట్ స్థాయి వరకు ఈ పరిభాషను నడిపించింది. బీఎస్సీ మొదటి ఏడాదిలో ఆ పదాలన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోతాయి. వాయుగోణులు ఆల్వియోలై అవుతాయి, ఉదరవితానం డయాఫ్రమ్ అవుతుంది. ఇదైనా నెలల్లో సర్దుకొంటుంది. శాస్త్రపరిభాషకు ఇంగ్లీషు అనివార్యమని వాదించేవారి మాటలో కొంత నిజముంది.

అంతకన్నా పెద్ద ఇబ్బంది నాలుగో ఏట, ఇంటర్న్‌షిప్‌లో ఎదురవుతుంది. అప్పుడు రోగి మాట్లాడేది ఆల్వియోలై భాషా కాదు, వాయుగోణుల భాషా కాదు. గస పెడుతోందంటాడు, ఎగపోస్తోందంటాడు, గుండెలో పిల్లికూతలు అంటాడు, దమ్ము పట్టేసిందంటాడు, ఆయాసమంటాడు. ఇవి పర్యాయపదాలు కావు. పిల్లికూతలు బిగుసుకుపోయిన శ్వాసనాళికల చప్పుడు. దానికి నెబులైజర్ పనిచేస్తుంది. గస అలసటతో, జ్వరంతో, నెత్తురు తక్కువై కూడా వస్తుంది. ఆయాసం అన్న మాటలో గుండెజబ్బు దాగి ఉండవచ్చు. ఈ తేడా పట్టుకోగలిగిన విద్యార్థికి సగం రోగచరిత్ర అప్పటికే చేతికందినట్లు. పల్లెలో పుట్టి పెరిగిన విద్యార్థికి ఇది పుట్టుకతో వచ్చిన విద్య. పాఠ్యప్రణాళికలో దానికి ఒక్క గంట కూడా కేటాయింపు లేదు.

బంధువులతో మాట్లాడవలసిన ఘట్టం మరీ కష్టమైనది. గొంతులో గొట్టం వేశాక రోగి మాట్లాడలేడు. ‘మిషన్ మీద వేసినారంటే ఇంక అయిపోయినట్లే గదా సార్’ అని అడిగే తండ్రికి, ఆ యంత్రం ఆఖరి మెట్టు కాదనీ, కట్లపాము కాటైతే కండరాలు తిరిగి బలం పుంజుకొనేదాకా ఆసరా మాత్రమేననీ చెప్పాలి. పొద్దున అరగంట సేపు యంత్రం సాయం తగ్గించి చూస్తారనీ, అప్పుడు బిడ్డ సొంతంగా ఎన్ని శ్వాసలు తీసుకొంటున్నాడో లెక్కపెడతారనీ చెప్పాలి. వీనింగ్ అన్న ఇంగ్లీషు మాటకు మూలార్థం పసిబిడ్డకు పాలు మాన్పించడం. ‘పాలు మాన్పించినట్లు మెల్లమెల్లగా మాన్పిస్తామమ్మా’ అంటే ఆ తల్లికి మరో వివరణ అక్కర్లేదు. ఇటువంటి మాటలను వార్డుల్లోని ఇంటర్నీలు, నర్సులు తమంత తాము కూర్చుకొంటున్నారు. వాటిని సేకరించి, ఏ వ్యాధికి ఏ మండలంలో ఏ మాట వాడుకలో ఉందో నమోదుచేసే పని తెలుగు శాఖల పరిశోధకులకు అందుబాటులోనే ఉంది. దానికి కావలసిన క్షేత్రం జిల్లా ఆసుపత్రి ఓపీ వరండా.